స్లాబు మీద ఆకుమడి

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. బద్ధకించి రాయకపోవడం వేరు, తీరిక లేక రాయకపోవడం వేరు. నాది ఆ రెండూ కాదు, నాకు అప్పట్లో అక్షరాలే రావు. ఆ రోజుల్లో మా ఊళ్ళో బడి ఉండేది, బడిలో మేష్టారు కూడా ఉండేవారు, కానీ సరిగ్గా బడి గంట కొట్టే వేళకి మా ఇంట్లో గేదె ఉండేది. గేదెకి సెలవులు లేవు కాబట్టి నాకు బడి లేదు. తర్వాత తట్ట నెత్తికెక్కింది, ఆ పైన సంసారం ఎక్కింది, రెండూ దిగేసరికి జుట్టు నెరిసింది. యాభై దాటాక, మా కోడలు తన కూతురి చేత అ ఆలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. (మనవరాలు నాకంటే ముందే గుణింతాల్లోకి వెళ్ళిపోయి, "నానమ్మా, నీ కొమ్ములన్నీ పడుకున్నాయి" అని నా పలక లాక్కునేది. సిమెంటు పట్టి పట్టి బిగుసుకుపోయిన వేళ్ళకి కొమ్ము నిలబెట్టడం అంత సులువు కాదని ఆ వయసు పిల్లకి ఎలా చెప్తాం?) చదవడం త్వరగానే వచ్చింది. రాయడం మాత్రం, రాళ్ళు మోసినంత నెమ్మదిగా వచ్చింది.

ఆ మనవరాలే ఇప్పుడు రాజాంలో ఇంటర్మీడియట్ చదువుతోంది. మొన్న వానల్లో ఒక రోజు ఇటుకంత లావు ఇంగ్లీషు నిఘంటువు మంచం మీద పడేసి కాలేజీకి పోయింది. ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కోగలను, అంతే. అయితే అర్థాలన్నీ తెలుగులో ఉన్నాయి కనుక ధైర్యంగా తెరిచాను. నాకు తెలిసిన మాట ఏదైనా ఉందేమోనని వెతికితే మూడక్షరాల మాట ఒకటి కనబడింది: సెట్. ఇంత చిన్న మాటకి అర్థం ఒక వరసలో అయిపోతుందనుకున్నాను. అబ్బే! పేజీ తిప్పినా అదే మాట, ఇంకో పేజీ తిప్పినా అదే. సూర్యుడు దిగిపోతే సెట్, విరిగిన ఎముక అతికితే సెట్, గడియారం సరిచేస్తే సెట్, ఉచ్చు పన్నితే సెట్, నిప్పు పెడితే సెట్, కుక్కని ఉసిగొల్పితే సెట్, గుడ్ల మీద కోడిని పొదగేస్తే కూడా సెట్. చదువుతూ చదువుతూ నవ్వాపుకోలేక మంచం మీద అలాగే వాలిపోయాను. మా కోడలు వంటింట్లోంచి వచ్చి, "ఏటయ్యిందత్తా? డిక్షనరీ సదివి నవ్వినోళ్ళని నానెక్కడా సూణ్ణేదు" అంది.

సాయంత్రం మనవరాలు వచ్చాక, ఈ మాట అసలు ఎక్కడిదో ఫోనులో చూసి చెప్పమన్నాను. చూసి చెప్పింది. ఇంగ్లీషులో కూర్చోవడానికి ఒక మాట ఉంది కదా, సిట్ అని. దాని ఇంటి పిల్లే ఇది. తనంతట తాను కూర్చుంటే అది, ఇంకొకరు కూర్చోబెడితే ఇది. గడియారం ముల్లునైనా, ఎముకనైనా, కోడినైనా దాని చోట దాన్ని కూర్చోబెట్టడమే. గుంపు, జత అనే అర్థంలో వాడే సెట్ మాత్రం ఈ ఇంటిది కాదట. వెంట నడిచేవాళ్ళు అనే అర్థమున్న ఏదో పాత పరదేశపు మాట, దారిలో అరిగి అరిగి అచ్చం దీనిలాగే తయారైందట. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు ఒకే ఇంటిపేరు చెప్పుకుని ఒకే అరుగు మీద కాపురం ఉన్నట్టన్నమాట. నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మనకి మాత్రం ఇలాంటి మాట లేదా? కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట కుదురు. పిల్లాణ్ణి కుదురుగా కూర్చోమంటాం. సంబంధం కుదిరిందంటాం, పులుసు కుదిరిందంటాం, జ్వరం తగ్గితే మనిషి కుదుటపడ్డాడంటాం. ఎక్కడి దొరలు, ఎక్కడి మన కుండలు! అయినా లోకంలో ప్రతి వస్తువూ ఒక చోట కూర్చుంటే తప్ప మనసుకి నెమ్మది ఉండదని ఇద్దరికీ తోచింది.

నాకు సెట్ అనే ఆ మాట నేర్పిన గురువు ఏ బళ్ళోనూ లేడు. రాజాంలో ఇళ్ళు కట్టే మేస్త్రీ ఒకాయన. ఆయన అసలు పేరు ఏమిటో మాలో ఎవరికీ పట్టలేదు, అందరూ సెట్ మేస్త్రీ అనేవాళ్ళు. పొద్దున్నే టీ తాగి "కడుపు సెట్ అయిపోనాది" అనేవాడు. గుంజ నిలబెడితే "సెట్ సెయ్యి", రేడియో పాడైతే "సెట్ ఇరిగిపోనాది", జ్వరం మాత్ర వికటిస్తే "మందు ఒంటికి సెట్ అవనేదు", భార్యతో గొడవపడి వచ్చిన రోజు "ఇంటికాడ సెట్ అవనేదర్రా, నన్ను కదపకండి". అది ఇంగ్లీషని నాకు తెలియదు. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీలు తలుచుకునే దేవుడి పేరేమోనని కొన్నాళ్ళు అనుకున్నాను. నాకప్పుడు పదిహేడో పద్దెనిమిదో. మా మేనత్త అప్పటికే ఆయన దగ్గర తట్ట మోసేది, నన్నూ తీసుకెళ్ళి చేర్పించింది. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఈ గుంట పొలంలో గట్టి, పనిలోకి సెట్ అవ్వదే" అన్నాడు. (గుంట అంటే మా వైపు ఆడపిల్ల.) అత్త వెంటనే, "సిమెంటుకే టైము ఇస్తారు, మనిసికి ఇవ్వరేటి మేస్త్రీగారూ?" అంది. ఆయన తట్ట ఒకటి నా వైపు తోసి నన్ను పనిలో పెట్టుకున్నాడు.

అప్పుడు మేం కడుతున్నది ఒక బియ్యం సావుకారి మేడ. స్లాబు వేసేశాం. స్లాబు వేసిన మర్నాటి నుంచి అసలు పని ఏమీ ఉండదు, నీళ్ళు పెట్టడం తప్ప. స్లాబంతా బంకమట్టితో గట్లు వేసి మళ్ళు కడతారు, మళ్ళ నిండా నీళ్ళు నింపుతారు, గట్లు తెగే చోట గోనె సంచులు తడిపి పరుస్తారు. సెట్ అయ్యేదాకా తడి ఆరకూడదు. ఆ పని నాకు అప్పజెప్పాడు మేస్త్రీ. పొలం పిల్ల కదా, మళ్ళు కట్టడం తెలుసుననేమో. సావుకారి నూతికి మోటారు ఉండేది. పైపు పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ రాతి మళ్ళ నిండా నీళ్ళు పెడుతుంటే, నాకు మా మడే గుర్తొచ్చేది. ఎందుకంటే ఆ ఏడు మా ఊళ్ళో నీటిచుక్క లేదు. ఒక్క వాన ఆశపెట్టి పోయింది. ఆ వాన చూసి మా అయ్య వరి విత్తనాలు నానబోసి, మొలకెత్తడానికి గడ్డి కప్పి మండె కట్టాడు, మొలకలు వచ్చేశాయి, ఆకుమడి మాత్రం నెర్రెలు విచ్చింది. (మా వైపు నారుని ఆకు అంటారు. నారుమడి ఆకుమడి, నాట్లు ఊడ్పు.) మొలకెత్తిన గింజ ఆగదు. రేపు చల్లుదాం, ఎల్లుండి చల్లుదాం అంటే కుళ్ళిపోతుంది. మళ్ళీ కొనడానికి ఇంట్లో ఏమీ లేదు. "ఈ ఏడు ఊడ్పు నేకపోతే నాను మద్రాసు ఎల్లిపోతాను" అన్నాడు అయ్య ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని. కోపంగా అని ఉంటే భయపడేదాన్ని కాదు, మామూలుగా అన్నాడు. మా పక్కింటాయన అలాగే మామూలుగా అని వెళ్ళి, కొన్నేళ్ళకి వచ్చినప్పుడు సొంత పిల్లలే ఆయన్ని చూసి తలుపు చాటుకి పోయారు.

పొద్దున్న లేచేసరికి అయ్య మొలకల బస్తా విప్పి కోళ్ళకి పోయబోతున్నాడు. నేను అడ్డం వెళ్ళాను. "నాకియ్యి అయ్యా, నానట్టుకెళ్తాను." "ఎక్కడికే?" "పనికాడికి." "సిమెంటులో కలుపుతావేటే?" అన్నాడు. "నీరున్నాదయ్యా అక్కడ. మోటారు నీరు." అయ్య నన్ను ఎగాదిగా చూశాడు. పిచ్చి పట్టిందేమో అనుకున్నట్టున్నాడు గానీ, కోళ్ళు తింటే ఏమి, పిచ్చిది తింటే ఏమి అని కాబోలు, బస్తా నా నెత్తికెత్తాడు. బస్సులో మా అత్త పక్కన కూర్చుని ఆ తడి బస్తాని ముక్కు మూసుకుని చూస్తూ, "ఇదేటే, పులిసిన వాసన! మనల్ని దింపీస్తారే" అని గొణుగుతూనే ఉంది. విషయం చెప్పాక మాత్రం మరి గొణగలేదు. దిగగానే నా కంటే ముందు మేడ మెట్లు ఎక్కింది.

స్లాబు వెనకవైపు మూల, మెట్ల గోడ చాటున, ఎవరి కంటా పడదు. అక్కడ గోనె సంచులు తడిపి పరిచి, వాటి మీద మొలకలు దట్టంగా చల్లి, అరచేత్తో అదిమి, పైన ఇంకో వరస తడి గోనె కప్పాం. స్లాబుకీ తడి, గింజకీ తడి. సావుకారి నీళ్ళు ఒక్క చుక్క ఎక్కువ వాడలేదు. (ఇప్పుడు ఊడ్పు యంత్రాలు వచ్చాయి, వాటి కోసం పళ్ళేల్లో చాపలా నారు పెంచుతున్నారు. చూసినప్పుడల్లా నాకు ఆ మూలే గుర్తొస్తుంది. మేమేదో కనిపెట్టామని కాదు, మాకు వేరే చోటు లేదు, అంతే.) గోనె పైకెత్తి చూస్తే తెల్లటి మొన, తర్వాత లేత పసుపు, తర్వాత అదిగో ఆకుపచ్చ! కప్పు తీసేయాల్సి వచ్చింది. తీసేసరికి పిట్టలు దిగాయి. నేను రోజంతా తువ్వాలు పట్టుకుని స్లాబు మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. కింద నుంచి మేస్త్రీ చూశాడు. "ఏటే గుంటా, స్లాబు ఎగిరిపోద్దనా కాపలా కాస్తన్నావు?" "పావురాలండి మేస్త్రీగారూ, సిమెంటు పొడిసేస్తన్నాయి." "సిమెంటు తినే పావురాన్ని నాకు సూపించు. నీకు బదులు దాన్నే పనిలో ఎట్టుకుంతాను." కానీ పైకి రాలేదు. మోకాలి నొప్పి మనిషి, మెట్లంటే బద్ధకం. ఆ మోకాలికి నేను రోజూ మనసులో దండం పెట్టుకునేదాన్ని.

మేస్త్రీ ఎక్కలేదు గానీ సావుకారు ఎక్కాడు. బావమరిది ఊరి నుంచి వస్తే కొత్త స్లాబు చూపించడానికి తీసుకొచ్చాడు. నేను కింద పైపు సరిచేస్తున్నాను. పై నుంచి కేక వినబడింది. "మేస్త్రీ! మేడ కట్టమంటే చేను వేశావేమిటయ్యా?" మేస్త్రీ మోకాలు మరిచిపోయి రెండేసి మెట్లు ఎక్కాడు, వెనకాల నేను, నా వెనకాల అత్త. మెట్ల గోడ చాటున నాలుగు పరుపులంత మేర పచ్చగా, గాలికి ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు ఊగుతోంది. ఎంత బాగుందో! నాకు ఆ క్షణంలో భయం కంటే ముందు ఆ సంగతే తోచింది. "వేళ్ళు దిగితే నా స్లాబు పగిలిపోదూ? ఇదేమిటో చెప్తావా, లేక పై అంతస్తుకి ఇంకో మేస్త్రీని చూసుకోమంటావా?" అన్నాడు సావుకారు. మేస్త్రీ ఆ పచ్చదనాన్ని చూశాడు, నన్ను చూశాడు. నా మొహం మీద అంతా రాసే ఉండి ఉంటుంది, అది చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇది సెట్టింగు పరీచ్చ బాబూ" అన్నాడు.

"పరీక్షా?"

"మరేటి! స్లాబు కడుపులో తడి ఉన్నాదో నేదో పైనుండి మనకి తెలవదు గదండి. ఓ మూలన నాలుగు గింజలు సల్లీస్తే, అవి పచ్చగా ఉన్నన్నాళ్ళూ స్లాబుకి దాహం నేదన్నమాట. ఎండితే మనం తప్పు సేసినట్టు. పెద్ద పెద్ద ఆనకట్టలకీ ఇదే లెక్కండి."

"నాలుగు గింజలా ఇవి?"

"పెద్ద స్లాబు గదండి బాబూ."

బావమరిది మాత్రం మెచ్చుకున్నాడు. తమ ఊరి మేస్త్రీలకి ఇంత శాస్త్రం తెలియదన్నాడు. అతను మెచ్చుకున్నాక సావుకారు తిట్టడానికి వీల్లేకపోయింది. వాళ్ళు దిగాక మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. "నాను మా అత్తోరింటికాడ గూడా ఇంత అబద్ధం ఆడనేదే. ఇప్పుడు నిజం సెప్పు." చెప్పాను. మద్రాసు సంగతి కూడా చెప్పాను. ఆయన వంగి గోనె తడిగా ఉందో లేదో వేలితో చూశాడు. "నీళ్ళు మాత్రం తప్పనీకు. ఆకు ఎండిందా, నా పరువు ఎండిపోద్ది" అని దిగిపోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. బావమరిది ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ వింత సావుకారి తల్లికి చెప్పాడట. అందరూ మామ్మగారు అనేవాళ్ళు ఆవిడని. మర్నాడు ఆవిడ పట్టుపట్టి కుర్చీలో కూర్చుంటే, ఇద్దరు కూలీలు కుర్చీతో సహా పైకి మోసుకొచ్చారు. (దారి పొడుగునా "ఒరే, వంచకండ్రా, వంచితే నేను మీ మీదే పడతాను" అని ఆవిడ బెదిరిస్తూనే వచ్చింది.) ఆకుని చూడగానే రెండు చేతులూ జోడించింది. "సున్నం, సిమెంటు మీద వరి మొలిచిందీ అంటే ధాన్యలక్ష్మి తనంతట తాను వచ్చి కూర్చున్నట్టు కాదుట్రా! గృహప్రవేశం అయ్యేదాకా దీని మీద ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదు" అంది. పసుపు చల్లింది, కుంకుమ పెట్టింది. ఆ పూట నుంచి స్లాబు ఎక్కేవాళ్ళందరూ చెప్పులు కింద విప్పేసి ఎక్కవలసి వచ్చింది. కంకర మీద వట్టి కాళ్ళతో గెంతుతూ కూలీలంతా నన్ను తిట్టుకున్నారు. "నువ్వు ఇత్తనాలే సల్లినావా, ఇంకేటైనా సల్లినావా?" అని ఒకడడిగాడు.

గృహప్రవేశం శ్రావణంలోనో, ఆ పైనో. ఆకు అన్నాళ్ళు ఉండదు. మట్టి లేని వేరు గింజలో ఉన్న బలంతోనే బతకాలి, ఆ బలం అయిపోతే పసుపెక్కి పడిపోతుంది. ఇలాంటి సమయంలో, చూడండి, వాన పడింది. ఒకటి కాదు, వరసగా. మా ఊరి పాలాయన చేత అయ్య కబురంపాడు: దమ్ము పట్టీసినాను, ఆకు పట్రమ్మను. దమ్ము పట్టిన, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్నిన, మడి కూడా ఆగదు. అయ్య అక్కడ బురదలో నిలబడి బస్సు దారి చూస్తుంటాడు. ఇక్కడ ఆకు చుట్టూ ముగ్గు వేసి ఉంది. నేను ఏడుపు మొహంతో అత్త దగ్గరికి వెళ్తే, "ఇంకేటి సేస్తామే, దేముడైపోనాది. దేముణ్ణి పీకి ఊడుస్తారేటి?" అంది. మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయన నా కంటే దిగులుగా ఉన్నాడు. "ఇంకో అబద్ధం ఏదైనా ఆడండి మేస్త్రీగారూ" అని బతిమాలాను. "మొదట ఆడిందే సెట్ అయిపోనాదే గుంటా. తడి మీదున్నప్పుడైతే కదపగలం. ఇప్పుడు కదిపితే పగులుద్ది" అన్నాడు.

నిఘంటువులో ఆ గట్టిపడే అర్థం కూడా ఉంది. మొన్న చూశాను.

ఇక నేనే వెళ్ళాలి. మామ్మగారు పెరటి వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ఏం చెప్పాలో తెలియక నేనూ పీట పక్కన కూలబడి గింజలు తీయడం మొదలుపెట్టాను. ఆవిడ చింతపండు కొంత నా వైపు తోసి, "ఏమే, నీ కూలికి చింతపండు కూడా కలిపానా? ఏదో అడగడానికి వచ్చావు, అడుగు" అంది.

"అమ్మగారూ, మేడ మీద పచ్చ మా అయ్యదండి."

"లక్ష్మీ?"

"ఆకండి. మా ఆకుమడి ఎండిపోతే నానే తెచ్చి సల్లినాను."

"మరి ఆ మేస్త్రీ పరీక్ష అన్నాడే?"

"అదీ అబద్ధం కాదండి. తడి ఆరనియ్యనేదు, ఒట్టు."

మామ్మగారు చేతిలో ఉన్న చింతపండు కింద పెట్టింది. "ఇంటికొచ్చిన లక్ష్మిని పొమ్మనమంటావా నన్ను?" నేను ఇంకో గింజ తీస్తూ అన్నాను. "ఇక్కడుంటే వారంలో పసుపెక్కి సచ్చిపోద్దమ్మా. మీరు ఎంత కుంకం ఎట్టినా వేరుకి మట్టి కావాల. మా మడిలో ఎడితే కంకి వస్తాది." "పెట్టకపోతే?" "మా అయ్య మద్రాసు ఎల్లిపోతాడండి." లోపల మామ్మగారి మనవలు ఎవరో దెబ్బలాడుకుంటున్నారు. నేను గింజలు తీస్తూనే ఉన్నాను, చేతులు ఆపితే ఏడుస్తానని. ఆవిడ ఉన్నట్టుండి భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. "అయితే ఆ మేస్త్రీ ఇన్నాళ్ళూ నా చేత మీ ఆకుమడికి పూజ చేయించాడన్నమాట! కూలోళ్ళ చేత చెప్పులు విప్పించాడన్నమాట!" కళ్ళు తుడుచుకుని, లోపలికి కేకేసింది. "ఒరే, లక్ష్మి అత్తారింటికి వెళ్తుందట. వట్టి చేతులతో పంపుతామా? సారె సర్దండి."

వేళాకోళమనుకున్నాను. కాదు. అరటిపళ్ళు, తమలపాకులు, పసుపు కొమ్ములు, రవికగుడ్డ, అన్నీ ఒక పళ్ళెంలో వచ్చాయి. సావుకారికి అసలు సంగతి తెలిసిందో లేదో గానీ, తల్లి మాటకి ఎదురు చెప్పే మనిషి కాదు. గోనె సంచులకి వేళ్ళు అల్లుకుపోయి ఉన్నాయి కనుక, చాపలు చుట్టినట్టు చుట్టేశాం. ఒక్క చారెడు ముక్క మాత్రం మామ్మగారు దేవుడి గూటికి ఉంచుకుంది. మేస్త్రీ, మోకాలూ గీకాలూ ఏమీ లేకుండా, తనే ఒక చుట్ట భుజాన వేసుకుని బస్టాండు దాకా వచ్చాడు. బస్సు మీదకి ఎక్కిస్తుంటే కండక్టరు, "ఏటివి, తివాసీలా?" అన్నాడు. "పెళ్ళికూతురు బాబూ. సారె కూడా ఉన్నాది, సూడు" అని అత్త పళ్ళెం చూపించింది. అతను ఒక అరటిపండు తీసుకుని, లగేజీ మాట ఎత్తలేదు.

మేస్త్రీ కూడా అదే బస్సెక్కేశాడు. తన అబద్ధం ఎక్కడ దిగుతుందో చూడాలన్నాడు. మా అయ్య మడిలోనే నిలబడి ఉన్నాడు. చుట్ట విప్పి చూపిస్తే, "ఓలమ్మ, వేలెడంత నేదే ఇది! నీటిలో తేలిపోద్దేమోనే" అన్నాడు గానీ, ఆకు మీద చెయ్యి వేసి మళ్ళీ తీయలేదు, మేకపిల్లని నిమిరినట్టు నిమురుతూనే ఉన్నాడు. అమ్మ, అత్త, నేను, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇంకో నలుగురు దిగాం. మేస్త్రీ గట్టు మీద గొడుగు వేసుకుని, "లైను సెట్ సెయ్యండర్రా, అక్కడ వంకరపోతన్నాది" అని అరుస్తుంటే, మా అమ్మ నడుం ఎత్తకుండానే, "బావూ, మీరు గట్టు దిగకండి. మా బురద మంచిది కాదు, అక్కడే సెట్ అయిపోతారు" అంది. మడిలో ఉన్న వాళ్ళందరం నవ్వాం. మేస్త్రీ కూడా నవ్వాడు. చీకటి పడేలోపు అర ఎకరం ఊడ్చేశాం.

ఆ రాత్రి గాలివాన కొట్టింది. అయ్య అంత పొట్టి ఆకు ఎప్పుడూ ఊడ్చలేదు, మేమెవరం ఊడ్చలేదు. గాలికి నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటే, పట్టు దొరకని ఆకు తేలి గట్టుకి చేరిపోతుంది. అలా చేరితే మళ్ళీ విత్తనం లేదు, ఇంకో స్లాబూ లేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను, ఆ పిల్లని, చూసి నవ్వొస్తుంది. తనకి తెలియని ఒక దేవుణ్ణి పేరు పెట్టి పిలిచి మొక్కుకుంది. ఆ పేరు సెట్ అని ఎవరికైనా చెప్పుకోగలనా?

తెల్లవారుతూనే నేను పొలానికి పరిగెత్తాను. అయ్య నా కంటే ముందే వచ్చి గట్టు మీద ఊరికే నిలబడి ఉన్నాడు. అయ్యని అలా ఊరికే నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. గట్టు వారగా కొంత ఆకు తేలి వచ్చి పడి ఉంది. మిగతా మడంతా, నీళ్ళ మీద సన్నగా, పొట్టిగా, ఎక్కడిది అక్కడే నిలబడి ఉంది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది: "సెట్ అయిపోనాది అయ్యా."

"అంటే ఏటే?" అన్నాడు అయ్య.

ఇప్పుడైతే పేజీలు పేజీలు చదివి వినిపించగలను. అప్పుడు నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. మడిలోకి దిగి, గట్టు వారన తేలిన ఆకు ఒకటి తీసి, బొటనవేలితో బురదలో అదిమి నిలబెట్టాను. "ఇదిగో, ఇలగ" అన్నాను. అయ్య పంచె ఎగ్గట్టుకుని దిగి, ఇంకొకటి తీసుకున్నాడు.